కోర్టుపేట దగ్గరి ఉచిత న్యాయ సలహా కేంద్రం: సేవకు వంక లేదు, పోషకుల పలకకు ఉంది

ఒడిశాలోని బరంపురంలో కోర్టుపేట నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒక సేవాసంఘం తన సొంత భవనంలో ఆదివారం ఉదయం పూట ఉచిత న్యాయ సలహా కేంద్రం నడుపుతోంది. గంజాం జిల్లా కలెక్టరు కచేరీ ఛత్రపురంలో ఉన్నా జిల్లా కోర్టు మాత్రం బరంపురంలోనే ఉండడంతో, చికిటి, పాత్రపూర్, గోపాలపూర్ వైపు నుంచి భూమి తగాదాల మీద వచ్చే తెలుగువాళ్లందరికీ ఈ ఊరే దిక్కు. ఒడియాలో ఉన్న కాగితం చదవలేక, వకీలు ఫీజు ఇచ్చుకోలేక తిరిగే అలాంటి వారికి ఈ కేంద్రం ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ జాగ్రత్త పడాలో చెప్పడానికి ఈ సమీక్ష రాస్తున్నాను. సంఘం పేరు రాయడం లేదు. నేను ఎత్తి చూపబోయే లోపం ఈ ఒక్క సంఘానిదే కాదు. శిలాఫలకాలంటే మోజున్న ఊళ్లన్నిటిలోనూ ఉన్నదే.

మేం వెళ్లింది మా పిన్ని ఇంటి పక్క సందు విషయమై. పక్కింటి ఆసామి కొత్త గోడ లేపుతూ సందులో సగం కలిపేసుకున్నాడు. పిన్ని దగ్గర ఉన్న ఆధారాలు మూడు: తాతగారి నాటి విక్రయ దస్తావేజు, ఒడియాలో ఉన్న పట్టా నకలు, మునిసిపాలిటీకి కట్టిన హోల్డింగ్ టాక్సు రసీదులు. దస్తావేజు ఒడిశా రాష్ట్రం ఏర్పడిన 1936కు ముందుది. గంజాం అప్పటికి మదరాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) భాగం కాబట్టి అది మొత్తం తెలుగులోనే, గొలుసుకట్టు రాతలో ఉంది. మేం అంతకుముందు కలిసిన ఒక వకీలు ఆ కాగితాన్ని తిరగేసి, ఇది చదివే వాళ్లు ఇప్పుడు ఎవరున్నారని పక్కన పెట్టేశారు.

కేంద్రంలో ఒక మూల బల్ల దగ్గర చాలా కాలం మొహరీర్‌గా, అంటే వకీలు గుమాస్తాగా, పనిచేసి మానేసిన పెద్దాయన కూర్చుంటారు. ఆ కేంద్రానికి ప్రాణం ఆయనే అని నా అభిప్రాయం. దస్తావేజును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చెక్కుబందీ నాలుగు దిక్కులూ తడుముకోకుండా చదివారు. తూర్పున ఉన్నది 'మన సొంత నడక సందు' అన్న మాట దగ్గర ఆగి, దాని కింద పెన్సిలుతో గీత పెట్టుకున్నారు. తర్వాత ఒక పాత కేలండరు కాగితం వెనక్కి తిప్పి లెక్క వేశారు. దస్తావేజు ప్రకారం స్థలం 121 చదరపు గజాలు. ఒక డెసిమల్‌కు (ఎకరంలో నూరో వంతు) 48.4 గజాల చొప్పున రెండున్నర డెసిమల్ రావాలి. పట్టాలో ఉన్నది రెండే. పోయిన అర డెసిమల్ అంటే 24.2 గజాలు, సుమారు 218 చదరపు అడుగులు. సందు నాలుగు అడుగుల వెడల్పు అనుకుంటే పొడవు యాభై నాలుగు అడుగుల చిల్లర వస్తుంది. ఇంటి పొడవు ఎంత అని పిన్నిని అడిగారు. ఆవిడ యాభై నాలుగు అనగానే తల ఊపి, తగువు గోడతో మొదలు కాలేదని, ప్రభుత్వం భూములు కొలిచిన సర్వే సెటిల్‌మెంటు నాడు పట్టా రాసినప్పుడే సందు జారిపోయిందని, గోడ కట్టిన ఆసామి ఆ పట్టా చూసుకునే ధైర్యం చేశాడని విడమరిచి చెప్పారు. అన్నాళ్లుగా మాకు ఎవరూ చెప్పని సంగతి ఆ కేలండరు వెనుక తేలిపోయింది.

అక్కడి నుంచి ఒక యువ న్యాయవాది కాగితాలు అందుకున్నారు. ఆమె మాతృభాష ఒడియా. పిన్నిని 'మౌసీ' అని పిలుస్తూ వచ్చీరాని తెలుగులోనే మాట్లాడారు. పక్కింటి ఆసామికి పంపాల్సిన నోటీసు ఒడియాలో తయారు చేశాక, సంతకానికి ముందు ప్రతి పేరానూ తెలుగులో చెప్పించి, అర్థమైందని పిన్ని నోట అనిపించుకున్న తర్వాతే కలం చేతికిచ్చారు. సరిహద్దు జిల్లాల్లో మన వాళ్లు వకాలత్నామాల మీద, అఫిడవిట్ల మీద చదవకుండా పెట్టిన సంతకాలు ఎన్ని కొంపలు ముంచాయో తెలిసినవారు ఈ ఒక్క అలవాటుకే ఈ కేంద్రానికి పూర్తి మార్కులు వేస్తారు. మాకు అయినది నకళ్ల ఖర్చు, తపాలా ఖర్చు మాత్రమే.

లోటుపాట్లు చిన్నవి. టోకెన్లు లేవు, ముందు వచ్చినవారికి ముందు అన్నది మాట వరసకే. ఆడవాళ్లు కూర్చోవడానికి వేరే చోటు లేదు. పెద్దాయన రాని రోజున తెలుగు దస్తావేజులు తెచ్చినవారు ఉత్త చేతులతో వెనుదిరగాలి.

పెద్ద లోటు గోడ మీద ఉంది. ముందు గదిలో రెండు పాలరాతి పలకలున్నాయి. మొదటి దాని మీద పోషకుల పేర్లు, రెండో దాని మీద భవన నిర్మాణానికి విరాళాలిచ్చిన దాతల పేర్లు. పోషకుల పలకలో అన్నిటికంటే పైన, 'గౌరవాధ్యక్షులు' అన్న హోదాతో, పదవిలో ఉన్న ఒక న్యాయాధికారి పేరు ఉంది. దాతల పలకలో నాలుగో పేరు మా పిన్ని సందులో గోడ కట్టిన ఆసామిది. పిన్నికి ఒడియా అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదువుకుని, నా చెయ్యి పట్టుకుని లాగి, "ఇదేటిరా, గోడ కట్టినోడి పేరూ జడ్జీగారి పేరూ ఒక్క గోడ మీదే ఉన్నాయి! రేపు మన కాయితం ఆయన బల్ల మీదికే ఎళ్తే?" అంది.

ఆ న్యాయాధికారి మీద నాకు ఏ అనుమానమూ లేదు. ఆయన ఆ దాతను ఎన్నడూ చూసి కూడా ఉండకపోవచ్చు. అయితే ఇలాంటి సందర్భంలో అడగవలసిన ప్రశ్న న్యాయమూర్తి మనసు స్వచ్ఛమైనదా కాదా అన్నది కాదని మన సుప్రీంకోర్టే 1987లో రంజిత్ ఠాకూర్ కేసులో తేల్చింది. నేను పక్షపాతినా అని న్యాయమూర్తి తనను తాను ప్రశ్నించుకుంటే చాలదు, ఎదుట నిలబడ్డ కక్షిదారు మనసులోకి చూడాలి, ఆ మనసులో పుట్టిన భయం సబబైనదా కాదా అన్నదే కొలత అని ఆ తీర్పు సారం. ఆ కొలత ప్రకారం మా పిన్ని అడిగినది చదువురాని భయం కాదు, చట్టం గుర్తించిన ప్రశ్నే.

దీని మీద రాతపూర్వకమైన నియమాలు మనకు కొత్తవి కావు. 1997 మే 7న సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ కలిసి ఆమోదించిన న్యాయజీవన విలువల పునరుద్ఘాటనలో పదహారు అంశాలున్నాయి. రెండవ అంశం ప్రకారం, ఏ క్లబ్బులోగాని, సొసైటీలోగాని న్యాయమూర్తి పదవికి పోటీ చేయరాదు; న్యాయశాస్త్రానికి సంబంధించిన సంఘమైతే తప్ప, ఎన్నికతో వచ్చే పదవిలో ఉండరాదు. పధ్నాలుగవది ఇంకా సూటైనది: ఏ ప్రయోజనం కోసమైనా సరే న్యాయమూర్తి చందాలు అడగరాదు, తీసుకోరాదు, నిధుల సేకరణతో క్రియాశీలంగా ముడిపడరాదు. ఈ పత్రం ఉన్నత న్యాయస్థానాల న్యాయమూర్తుల కోసం రాసుకున్నది. జిల్లా స్థాయి న్యాయాధికారులు రాజ్యాంగంలోని 235వ అధికరణ ప్రకారం హైకోర్టు అదుపులో, తమ సర్వీసు ప్రవర్తనా నియమాలకు లోబడి పనిచేస్తారు. అలాగని పై మెట్టు మీద ఉన్నవారికి తగనిది కింది మెట్టు మీద తగుతుందని ఎవరూ అనలేరు. నిజానికి జిల్లా కోర్టులోనే ఇది ఎక్కువ బాధిస్తుంది. హైకోర్టు కటకంలో ఉంది. అక్కడి న్యాయమూర్తి ఏ సంఘంలో సభ్యులో మనకు తెలిసే అవకాశం తక్కువ. బరంపురంలో ఉన్న న్యాయాధికారి ఏ పెళ్లికి వెళ్లారో, ఏ వేదిక మీద శాలువా కప్పించుకున్నారో సాయంత్రానికి పెద్ద బజారంతా తెలిసిపోతుంది.

గౌరవాధ్యక్షుడి హోదాకు ఎన్నిక లేదు కాబట్టి రెండవ అంశం దానికి తగలదని ఒకరు వాదించవచ్చు. అక్షరార్థంగా ఆ వాదం నిలుస్తుందేమో. పధ్నాలుగవ అంశం నుంచి మాత్రం తప్పించుకోవడం కష్టం, ఎందుకంటే ఆ పలకలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఊళ్లో ఒక కాంట్రాక్టరు దగ్గరికి రసీదు పుస్తకం పట్టుకుని వెళ్లినప్పుడు, ఆ పుస్తకం నెత్తిన ఒక న్యాయాధికారి పేరు అచ్చయి ఉంటే, కాదనగల గుండె ఎంతమందికి ఉంటుంది? ఇచ్చినవాడు ఇచ్చి ఊరుకుంటాడా, ఆ పేరు పక్కన తన పేరు చెక్కించుకుంటాడా? న్యాయాధికారి నోరు తెరిచి ఒక్క రూపాయి అడగకపోయినా ఆయన పేరు ఆ పని చేసిపెడుతుంది.

సంఘం కార్యదర్శిని ఈ విషయం అడిగాను. ఆయన మర్యాదగానే జవాబిచ్చారు. "ఆయన పేరు గౌరవం కోసం పెట్టుకున్నామండీ, మీటింగులకు రానే రారు. వి.వి. గిరిగారి కాలం నుంచీ ఈ ఊళ్లో వకీళ్లూ వర్తకులూ పెద్ద మనుషులూ ఒకేచోట కూర్చుని ఊరి పనులు చేసుకోవడం అలవాటు" అన్నారు. మీటింగులకే రానివారి పేరు పలక మీద ఎవరి కోసం ఉన్నట్టు? ఇక గిరిగారి ప్రస్తావన. ఆయన ఈ ఊళ్లో పుట్టినవారన్నది మనందరికీ గర్వకారణమే. రాష్ట్రపతిగా ఉండగానే 1970లో తన ఎన్నిక మీద వచ్చిన పిటిషన్లో సుప్రీంకోర్టు ఎదుట స్వయంగా సాక్ష్యమిచ్చిన మనిషి కూడా ఆయనే. కాని గిరిగారు వకీలు, కార్మిక నాయకుడు, న్యాయమూర్తి కారు. వకీలు ఏ సంఘంలో ఎవరి పక్కన కూర్చున్నా అతని కక్షిదారుకు నష్టం లేదు, ఒక్కోసారి లాభం కూడా. తీర్పు చెప్పే మనిషికి ఆ వెసులుబాటు ఉండదు.

మంచి సంస్థతో, మంచి ఉద్దేశంతో ఉన్న అనుబంధమైనా ఎంత దూరం తీసుకుపోతుందో తెలియాలంటే ఇంగ్లండులోని పినోచె కేసు చూడాలి. చిలీ మాజీ నియంత పినోచెకు అరెస్టు నుంచి రక్షణ లేదని 1998 నవంబరు 25న, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయమూర్తులు ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు నిలిచి తీర్పు చెప్పారు. ఆ ముగ్గురిలో ఒకరైన లార్డ్ హాఫ్‌మన్, ఆ కేసులో పక్షంగా చేరిన మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌కు చెందిన ఒక ధార్మిక సంస్థకు అధ్యక్షులుగా ఉన్నారని తర్వాత బయటపడింది. ఆయనకు అందులో జీతం లేదు, లాభం లేదు. ఆయన పక్షపాతంతో తీర్పు చెప్పారని ఎవరూ నిరూపించలేదు, నిరూపించవలసిన అవసరం కూడా లేదన్నారు. డిసెంబరు 17న అదే సభ తన తీర్పును తానే రద్దు చేసుకుంది. ఏడుగురితో మళ్లీ విచారించి 1999 మార్చిలో ఇచ్చిన తీర్పు కూడా, నేరారోపణలను బాగా కుదించినప్పటికీ, పినోచెకు పూర్తి రక్షణ ఇవ్వలేదు. అంటే ఆ అనుబంధాన్ని మొదటే చెప్పి తప్పుకుని ఉంటే పోయేదానికి రెండోసారి విచారణ, నెలల ఆలస్యం, ఒక పేరున్న న్యాయమూర్తికి తీరని మచ్చ మిగిలాయి.

మన దగ్గర దీనికి సంబంధించిన మరో సంఘటన 2024 మే 20 నాటిది. ఒడిశాలోని సోన్‌పూర్‌లో పుట్టి కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా పదవీ విరమణ చేసిన చిత్తరంజన్ దాశ్, వీడ్కోలు సభలో తాను రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్ సభ్యుడినని, ఉద్యోగరీత్యా సుమారు 37 ఏళ్లు దానికి దూరంగా ఉన్నానని, ఆ సభ్యత్వాన్ని తన ఎదుగుదలకు ఎన్నడూ వాడుకోలేదని చెప్పారు. ఆ సంస్థ మంచిచెడ్డల జోలికి ఇక్కడ పోను. దాని స్థానంలో ఏ వర్ణపు జెండా ఉన్న సంస్థను పెట్టినా నా మాట ఇదే. దూరంగా ఉండడం మెచ్చుకోదగ్గదే. అయితే ఆ సంగతి తెలుసుకునే హక్కు ఎవరికైనా ఉంటే, అది వీడ్కోలు సభకు వచ్చినవారికంటే ముందు ఆయన కోర్టులో నిలబడ్డ కక్షిదార్లకు ఉండాలి.

ఆ లెక్కన న్యాయమూర్తులు గుడికి, గ్రంథాలయానికి, ఊరి నాటకానికి కూడా వెళ్లకూడదా అని అడిగేవారుంటారు. వెళ్లాలి. ఊరి వాసన తగలని మనిషి ఊరి తగవులు తీర్చలేడు. నిషేధం పెట్టేటప్పుడు కూడా అది స్పష్టంగా ఉండాలి: ఫ్రీమేసన్లనే రహస్య సోదర సంఘం శాఖలో సభ్యుడైనందుకు ఒక న్యాయమూర్తిని ఇటలీ శిక్షిస్తే, ఆయన ముందుగా తెలుసుకోగలిగినంత స్పష్టంగా నియమం లేదని 2004లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం ఇటలీనే తప్పుపట్టింది. అమెరికా న్యాయవాదుల సంఘం నమూనా నియమావళి సేవాసంస్థల్లో సభ్యత్వాన్ని కాదనదు. జాతి, లింగ, మత వివక్ష పాటించే క్లబ్బుల్లో చేరవద్దని మాత్రం కచ్చితంగా చెబుతుంది, చందాలు వసూలు చేయడానికి హోదాను వాడనివ్వదు. ఆ మొదటి షరతు చదివినప్పుడు నాకు మన కుల సంఘాలు గుర్తొచ్చాయి. మన కులం కుర్రాడు జడ్జి అయ్యాడంటే చాలు, అతను మొదటి పోస్టింగులో చేరేలోపే సన్మానం, శాలువా, జ్ఞాపిక, ఫ్లెక్సీ, ఫొటో. బరంపురంలో తెలుగు కులాల సంఘాలకూ ఈ ముచ్చట తక్కువేమీ కాదు. పుట్టిన కులం నుంచి ఎవరూ రాజీనామా చేయలేరు గాని, దాని వేదిక మీద కుర్చీ వద్దనుకోవచ్చు. ఒకే కులం వారికి సభ్యత్వమిచ్చే సంఘంలో న్యాయాధికారి పేరు కనిపిస్తే, ఆ కులం కానివాడు ఆయన కోర్టులోకి ఏ మొహంతో అడుగుపెడతాడో ఆ సన్మానం చేసేవారు ఆలోచించరు.

ఇదే ఊళ్లో ఇదే సేవ మరోచోట కూడా దొరుకుతుంది, అక్కడ న్యాయమూర్తి పేరు ఉండడంలో తప్పు లేదు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం కింద ఏర్పడిన జిల్లా సంస్థకు జిల్లా జడ్జి చట్టరీత్యానే అధ్యక్షులు. ఆ కుర్చీ చట్టం ఇచ్చింది, దాతలు ఇచ్చింది కాదు. దాని లెక్కలు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ఆడిట్‌కు లోబడతాయి. చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. ఆడమనిషి కావడమే మా పిన్నికి ఉన్న అర్హత. ఆ సంగతి ఆవిడకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, దాని మీద అప్పీలు లేదు. అప్పీలు లేదన్న మాట పదిసార్లు గుర్తుంచుకుని మరీ సంతకం పెట్టాలి. పనితీరులో మాత్రం ప్రభుత్వ కచేరీకి ఉండే జాప్యం అక్కడా ఉంది. తెలుగు దస్తావేజు చదివి, గజాలను డెసిమల్‌లోకి మార్చి చూపే పెద్దాయన అక్కడ లేరు.

అందుకే ఈ కేంద్రాన్ని వద్దనలేను. కాగితం చదివించుకోవడానికి, లెక్క తేల్చుకోవడానికి, నోటీసు రాయించుకోవడానికి నిస్సంకోచంగా వెళ్లవచ్చు. వెళ్లినప్పుడు గోడ మీది పేర్లు కూడా చదవండి. మీ ఎదుటి పక్షం పేరు దాతల్లో కనిపించి, కేసు గౌరవాధ్యక్షుల కోర్టుకే వెళ్లే పరిస్థితి వస్తే, ముందుగా ఆ కోర్టులోనే మీ వకీలు చేత ఆ సంగతి మర్యాదగా చెప్పించండి. చాలామంది న్యాయాధికారులు తామే తప్పుకుంటారు. అప్పటికీ తీరకపోతే కేసును మరో కోర్టుకు మార్చమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ కింద జిల్లా కోర్టునుగాని, హైకోర్టునుగాని అడగవచ్చు. సంఘం వారికి నేను రాసిచ్చిన సూచన ఒక్కటే: పదవిలో ఉన్న న్యాయాధికారుల పేర్లు పలక నుంచి, రసీదు పుస్తకం నుంచి తీసేయండి, పదవీ విరమణ చేసినవారి పేర్లు కావాలంటే పెట్టుకోండి. కమిటీలో పెడతామన్నారు.

వెళ్లేవారు ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్ నుంచి తీసిన పట్టా నకలు, మూల దస్తావేజు, దాని జెరాక్సు, హోల్డింగ్ టాక్సు రసీదులు, ఆధార్ వెంట ఉంచుకోవాలి. నకలు తీసే దుకాణం ఆదివారం మూసి ఉంటుంది కాబట్టి జెరాక్సులు శనివారమే తీయించుకోవడం మంచిది. జిల్లా న్యాయ సేవల సంస్థ సహాయం కావాలంటే 15100కు ఫోను చేయవచ్చు. పిన్ని ఫైలు ఇప్పుడు అక్కడికే చేరింది. ఆ సంస్థ జాబితాలోని ప్యానెల్ వకీలు మొదట అడిగి తీసుకున్నది ఆ కేలండరు వెనుక వేసిన లెక్కనే.